కెమెరా సందేహాలు: స్టేజి లైట్లను మింగేసే ఫ్లాష్

ప్రశ్న: మా స్నేహితుల సంగీత బృందం చిన్న చిన్న హాళ్లలో కార్యక్రమాలు చేస్తుంటుంది. ఫొటోలు తీసే పని నాది. హాల్లో వెలుతురు అంతంత మాత్రం. ఫ్లాష్ వేస్తే గాయని ముఖం సున్నం కొట్టినట్టు వస్తోంది, వెనక ఉన్న రంగు లైట్లు మాయమవుతున్నాయి. ఫ్లాష్ ఆపేస్తే చేతులు, ముఖం అన్నీ కదిలిపోతున్నాయి. ఈమధ్యే కెమెరా మీద తగిలించుకునే ఫ్లాష్ కూడా కొన్నాను. వాడాలా, పక్కన పెట్టేయాలా?

జవాబు: పక్కన పెట్టొద్దు. కానీ మొదటి రెండు మూడు పాటలు మాత్రం దాన్ని ఆన్ చేయకుండా తీసి చూడండి. ఏ లెన్స్ వాడుతున్నారో మీరు రాయలేదు. కెమెరాతో పాటు వచ్చే మామూలు జూమ్ లెన్సే అయితే అసలు చిక్కు అక్కడే ఉంది. జూమ్ పూర్తిగా లాగితే అది సాధారణంగా ఎఫ్ 5.6 కన్నా ఎక్కువ తెరుచుకోదు (ఎఫ్ పక్కన అంకె చిన్నదయ్యే కొద్దీ లెన్స్ ఎక్కువ తెరుచుకున్నట్టు). ఎఫ్ 1.8 ఉన్న 50 ఎంఎం లెన్స్ అయితే దానికి దాదాపు పది రెట్ల వెలుతురు లోపలికి వస్తుంది. ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా ఎంతగా స్పందించాలో చెప్పే సెట్టింగు) 3200 పెట్టడానికి జంకకండి. ఫొటోలో కాస్త గ్రెయిన్ (చుక్కచుక్కల గరుకుదనం) ఉన్నా ఎవరూ అడగరు, ముఖం కదిలిపోతే మాత్రం ఆ ఫొటో ఎందుకూ పనికిరాదు.

షట్టర్ విషయానికొస్తే, నిలబడి పాడేవాళ్లకు 1/125 సెకను చాలు. డ్రమ్స్‌కీ డాన్స్‌కీ 1/500 కావాలి. పాడేవాళ్లను గమనించండి: చరణంలో ఒక లైను పూర్తి కాగానే ఊపిరి తీసుకోవడానికి మైకును నోటి నుంచి కొంచెం జరుపుతారు. అప్పుడు పెదవులు, గడ్డం కనిపిస్తాయి, తల కదలిక కూడా తగ్గుతుంది. బటన్ నొక్కాల్సింది అప్పుడే.

ఇంత చేసినా స్టేజి మీద ఒకే ఒక్క బల్బు, అదీ గాయని వెనకాల ఉందనుకోండి. అప్పుడు ఫ్లాష్ బయటికి తీసి వాడండి. మీ ఫొటోల్లో వెనకంతా చీకటి కావడానికి కారణం ఏమిటంటే, దూరం రెట్టింపయితే ఫ్లాష్ వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది. గాయని మూడు మీటర్ల దూరంలో, గోడ ఆరు మీటర్ల దూరంలో ఉంటే ఆమె మీద పడ్డదాంట్లో పావు వంతే గోడకు చేరుతుంది. మీకు మీటరున్నర దూరంలో కూర్చున్న ప్రేక్షకుడి తల మీద మాత్రం నాలుగింతలు పడుతుంది. (చివరి వరసలోంచి ఫోన్ ఫ్లాష్ కొట్టేవాళ్లు ప్రతి హాల్లోనూ ఉంటారు. వాళ్లకు దక్కేది ముందువాళ్ల జుట్టు.)

కాబట్టి స్టేజి లైట్లను షట్టర్‌కు వదిలేసి, ముఖానికి కావలసినంత మాత్రమే ఫ్లాష్ ఇవ్వండి. కెమెరాను మాన్యువల్‌లో పెట్టండి: 1/60, ఎఫ్ 4, ఐఎస్ఓ 1600తో మొదలుపెట్టొచ్చు. షట్టర్ నెమ్మదిగా ఉంటుంది కాబట్టి రంగు లైట్లు ఫొటోలోకి వస్తాయి. ఫ్లాష్ వెలిగి ఆరడానికి సెకనులో వెయ్యో వంతు కూడా పట్టదు కాబట్టి ముఖం స్పష్టంగా నిలుస్తుంది. పవర్ ఎంతో చెబితే మీరు నమ్మకపోవచ్చు. గైడ్ నంబరు (ఫ్లాష్ బలాన్ని చెప్పే అంకె) 40 ఉన్న ఫ్లాష్‌ను పూర్తి పవర్‌లో 1/128కి తగ్గించినా, ఈ సెట్టింగుల్లో మూడున్నర మీటర్ల దాకా పూర్తి వెలుగు ఇస్తుంది. అయిదు మీటర్లకు అందులో సగం. ఆ సగమే మనకు కావాలి. ఫ్లాష్‌ను ఆటోలో వాడితే ఫ్లాష్ కాంపెన్సేషన్ (ఆటో ఇచ్చే వెలుగును పెంచే, తగ్గించే సెట్టింగు) మైనస్ 2 దగ్గర పెట్టండి. రియర్ కర్టెన్ సింక్ కూడా ఎంచుకోండి, అంటే షట్టర్ మూసుకునే ముందు ఫ్లాష్ వెలుగుతుంది. గిటారు మీద చెయ్యి కదిలితే వెలుగు చార చేతికి ముందు కాకుండా వెనక పడుతుంది.

స్టేజి లైట్లు పాత పసుపు బల్బులైతే ఫ్లాష్ మూతికి నారింజ రంగు జెల్ (పారదర్శకమైన రంగు కాగితం) అంటించండి. లేకపోతే ముఖం ఒక్కటే నీలంగా కొడుతుంది. తెల్లటి సీలింగ్ తక్కువ ఎత్తులో ఉంటే ఫ్లాష్ తల పైకి తిప్పి, పవర్ పెంచండి. నల్ల సీలింగ్ అయితే తిప్పినా లాభం లేదు. పొగ వదిలే కార్యక్రమంలో మాత్రం కెమెరా మీది ఫ్లాష్ అసలు వద్దు, పొగే తెల్లటి తెరలా అడ్డం వస్తుంది.

వాళ్లు మీ స్నేహితులే అయినా ముందే అడగండి. చీకటికి అలవాటుపడ్డ కళ్లలో ఫ్లాష్ పడితే కాసేపు ఏమీ కనబడదు. గిర్రున తిరుగుతున్న డాన్సర్‌కు, తాడు మీద నడిచేవాళ్లకు అది ప్రమాదం. వాళ్ల మీద ఏ పవర్‌లోనూ ఫ్లాష్ వేయకూడదనే నేనంటాను. పెద్ద కచేరీల్లో ప్రెస్ ఫొటోగ్రాఫర్లకే మొదటి మూడు పాటలు, అదీ ఫ్లాష్ లేకుండా అనే షరతు పెడుతుంటారు. ఫోకస్ కోసం కెమెరా ముందు వెలిగే చిన్న దీపాన్ని కూడా మెనూలో ఆపేయండి.

ప్రశ్న: ఎర్ర లైటు పడినప్పుడు తీసిన ముఖాలు ఎర్రటి ముద్దలా వస్తున్నాయి. ఫోకస్ లోపమా?

జవాబు: కాదు. కెమెరా ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులను విడివిడిగా నమోదు చేస్తుంది, వాటిలో ఎరుపు ఛానల్ ఒక్కటే నిండిపోయి వివరాలు పోతున్నాయి. మామూలు హిస్టోగ్రామ్ (ఫొటోలో వెలుగునీడలు చూపే గ్రాఫ్) దీన్ని పట్టించదు, మూడు రంగులూ విడివిడిగా చూపించేది ఆన్ చేసుకోండి. ఎర్ర లైటు వెలగగానే ఒక స్టాప్ తగ్గించి (అంటే వెలుతురు సగం చేసి), రా ఫైల్‌లో (కెమెరా మార్పులు చేయకుండా దాచే ఫైల్) తీయండి. అప్పటికీ బాగా రాకపోతే బ్లాక్ అండ్ వైట్ చేసేయండి, నేనూ అదే చేస్తుంటాను.