పదహారేళ్ల పిల్ల ధర్నా మొదలుపెట్టొచ్చా? మా ఊరి బస్సు సంగతి చెప్తా

చెల్లీ, నువ్వు అడిగింది ఇదీ. మీది అనంతపురం పక్కన పల్లె, నువ్వు ఇంటర్ ఫస్టియర్. నీ తమ్ముడు చదివే హైస్కూలు ముందు నుంచే గ్రావెల్ టిప్పర్లు పోతున్నాయి. బడి వదిలే టైములో కూడా స్పీడు తగ్గించడం లేదు. ఫ్రెండ్స్‌ని పోగుచేసి రోడ్డుకు అడ్డంగా కూర్చుందామని నీ ఆలోచన. ఇంట్లో వద్దంటున్నారు. ఈ వయసులో ఇట్లాంటిది మొదలుపెట్టడం తప్పా అని అడుగుతున్నావు.

తప్పు కాదు. కానీ రోడ్డు మీద కూర్చోవడంతో మొదలుపెట్టొద్దు. నేను సరిగ్గా అట్లే మొదలుపెట్టి దెబ్బతిన్నా కాబట్టి చెప్తున్నా.

2012లో నేను ఇంటర్ సెకండియర్. మా ఊరి నుంచి కాలేజీ ఉన్న టౌనుకు ఇరవై కిలోమీటర్ల పైమాటే. పొద్దున ఏడున్నరకు ఒక పల్లెవెలుగు వచ్చేది. కాలేజీలు తెరిచిన పది రోజులకే దాన్ని తీసేశారు. తర్వాతి బస్సు తొమ్మిదీ నలభైకి. దాన్లో పోతే మొదటి రెండు పీరియడ్లు గోవిందా. మగపిల్లలు షేర్ ఆటోల వెనక వేలాడుతూ పోయేవాళ్లు. ఆడపిల్లల్ని మా ఇళ్లల్లో అట్లా పంపరు. కాలేజీకి పోయేది మొత్తం పద్నాలుగు మందిమి, అందులో తొమ్మిది మంది ఆడపిల్లలం. పదిహేను రోజులు తిరక్కుండానే ఇద్దరి ఇళ్లల్లో సంబంధాల మాట మొదలైంది.

నాకు కోపం ఆగలేదు. సీమలో పుట్టినోళ్లకు ధర్నా కొత్తేం కాదు కదా. నీళ్లు రాకపోతే ఆడోళ్లు ఖాళీ బిందెలు తెచ్చి రోడ్డుకు అడ్డం పెట్టడం ఊహ తెలిసినప్పటి నుంచీ చూస్తున్నదే. మేం బిందెల బదులు పుస్తకాల సంచులు పెట్టాం. మరి ఆపడానికి బస్సేది? ఉన్నది ఒక్కటే, ఆ తొమ్మిదీ నలభై బస్సు. దాన్నే ఆపాం.

అందులో ఎవరున్నారో మేం ఆలోచించలేదు. కనకాంబరాల బుట్టలతో ఇద్దరు ఆడోళ్లు, బేల్దారి పనికి పోయే నలుగురు, కోర్టు వాయిదా ఉన్న ఒక పెద్దాయన. ఆయన కిందికి దిగి "నా వాయిదా పోతే మీ నాయన వస్తాడా కోర్టుకు?" అని కేకలేశాడు. డ్రైవరు మాత్రం కోప్పడలేదు. చెట్టు కింద కూర్చుని బీడీ ముట్టించి, "నన్ను ఆపితే నాకేం పాపా, నా జీతం నాకొస్తాది. బస్సు తీసేసినోళ్లు ఫ్యాను కింద కూర్చోనుండారు" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ గుర్తే.

ఇంకో గంటకు టౌను నుంచి ఒక విద్యార్థి సంఘం వాళ్లు జెండాలతో దిగారు. ఎవరు పిలిచారో ఇప్పటికీ తెలీదు. మమ్మల్ని వెనక్కి జరిపి ముందు వరసలో వాళ్లు కూర్చున్నారు. మరుసటి రోజు పేపరు జిల్లా ఎడిషన్లో ఫోటో పడింది. జెండాలన్నీ పూర్తిగా కనిపించాయి, నా జడ సగం కనిపించింది. మా ఊరి పేరు కూడా తప్పుగా వేశారు.

ఆ మధ్యాహ్నమే ఒక కానిస్టేబుల్ వచ్చి మా పేర్లు, నాయనల పేర్లు రాసుకుపోయాడు. సాయంత్రం మా నాయనను స్టేషనుకు రమ్మన్నారు. కేసేం పెట్టలేదు. చేను కాడ నుంచి అట్లే పోయిన మనిషిని రాత్రి ఎనిమిది దాకా బెంచీ మీద కూర్చోబెట్టి, "ఆడపిల్లను అదుపులో పెట్టుకోప్పా" అని చెప్పి పంపించారు. ఇంటికొచ్చి నాయన నన్ను ఒక్క మాట అనలేదు. నాలుగు రోజులు అసలు మాట్లాడనే లేదు. తిట్టినా బాగుండేది.

ధర్నా తర్వాత ఏడున్నర బస్సు ఆరు రోజులు తిరిగింది. ఏడో రోజు నుంచి మళ్లీ లేదు.

అసలు సంగతి చెప్పింది తొమ్మిదీ నలభై బస్సు కండక్టరు. "ఈపీకే అని ఒక లెక్కుంటుందమ్మా. కిలోమీటరుకు ఎంత కలెక్షన్ వచ్చిందని చూస్తారు. మీరంతా పాసులోళ్లు. మీరు నిండా ఎక్కినా రోజు కలెక్షన్లో మీరు కనపడరు. డిపో కాయితాల్లో ఆ బండి ఖాళీగా తిరిగినట్టే లెక్క." మేం నిలబడ్డానికి చోటు లేదనుకున్న బస్సు వాళ్ల కాయితంలో ఖాళీ బస్సన్న మాట! మేం రోడ్డు మీద అరిచిన అరుపుల్లో దీనికి జవాబు ఒక్కటీ లేదు.

అప్పుడు ఒక నోట్‌బుక్ పెట్టాం. మూడు వారాలు వంతులేసుకుని, పొద్దున ఆరున్నర నుంచి ఎనిమిది దాకా వేపచెట్టు కింద నిలబడి, ఊళ్లోంచి టౌనుకు ఎవరు పోతున్నారు, దేంట్లో పోతున్నారు, ఎంత ఇస్తున్నారు అన్నీ రాశాం. పాలోళ్లు, పూలోళ్లు, బేల్దారులు, ఆసుపత్రికి పోయేవాళ్లు. డబ్బులిచ్చి టికెట్ కొనాల్సినవాళ్లే రోజుకు సగటున ముప్పై ఒక్క మంది తేలారు, అంతా ఆటోల పాలవుతున్నారు. ఊరి తరఫున అర్జీ మీద సంతకం పెట్టడానికి అప్పుడు సర్పంచులు కూడా లేరు. 2011లో పదవీకాలం అయిపోతే 2013 జూలై దాకా ఎన్నికలు జరగలేదు, అంతవరకూ ప్రత్యేకాధికారులే. అందుకని పొదుపు సంఘం లీడరుగా ఉన్న మా పెద్దమ్మను పట్టుకున్నాం. సంతకాలు, వేలిముద్రలు కలిపి నలభై ఆరు వచ్చాయి. మూడో సంతకం మా నాయనది. నేను అడగలేదు, ఆయనే పెన్ను తీసుకున్నాడు.

సోమవారం కలెక్టరేట్లో గ్రీవెన్స్‌కు పోయి అర్జీ ఇచ్చాం, నోట్‌బుక్ జిరాక్స్ జత చేసి ఒక కాపీ డిపోలో ఇచ్చాం. మూడు సోమవారాలు తిరిగాం. దసరా సెలవుల తర్వాత బస్సొచ్చింది. ఏడున్నరకు కాదు, ఏడూ యాభైకి, ఇంకో రెండు ఊళ్లు చుట్టుకుని. ఆదివారం లేదు. సంబంధాలు చూస్తున్నారన్న ఇద్దరిలో ఒకమ్మాయికి అప్పటికే పెళ్లయిపోయింది.

(అంత కష్టపడి తెచ్చుకున్న బస్సు మరుసటి ఏడాది సమైక్యాంధ్ర ఉద్యమంలో దాదాపు రెండు నెలలు డిపో దాటలేదు. 2013 ఆగస్టులో ఆర్టీసీ వాళ్లూ సమ్మెకు దిగారు. అప్పుడు రాస్తారోకో, వంటావార్పు, మానవహారం, రిలే దీక్ష, ఎన్ని రకాలుంటాయో అన్నీ చూశాం. మేస్టర్లే పిల్లల్ని వరసలో నిలబెట్టి తీసుకుపోయేవాళ్లు. బస్సు కోసం కూర్చున్నప్పుడు తప్పయింది, అప్పుడు మాత్రం ఎవరికీ తప్పనిపించలేదు.)

ఇప్పుడు నీ సంగతి. నీదీ నాదీ ఒకటే అనుకోవద్దు. మేం ఎదురుపడింది ఒక ఆఫీసుకు. టిప్పర్ల వెనక ఒక మనిషి ఉంటాడు, అతనికి డబ్బుంటుంది, మండలంలో పలుకుబడి ఉంటుంది. మీ నాయన వద్దంటున్నాడంటే నీ మీద నమ్మకం లేక కాదు. ఊళ్లో ఎవరి పొలంలో పనికి పోవాలో, అప్పుకు ఎవరి దగ్గరికి పోవాలో ఆయనకు తెలుసు. కాబట్టి ముందు ఇంట్లో కూర్చుని, ఆ టిప్పర్లు ఎవరివి, మనకు వాళ్లతో ఏమన్నా లావాదేవీ ఉందా అని అడుగు. నేను చేసినట్టు పేపర్లో పడ్డాక తెలిసేలా చేయొద్దు.

అర్జీ మీద మొదటి పేరు నీది ఉండకూడదు. ఎనిమిదో తరగతి దాకా ఉన్న ప్రతి సర్కారు బడికీ విద్యాహక్కు చట్టం ప్రకారం ఒక కమిటీ ఉంటుంది, దాంట్లో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే. మీ హైస్కూలుకూ ఉంటుంది. ఆ కమిటీలో ఉన్న తల్లుల్ని కలువు. పిల్లల్ని పంపేది వాళ్లు, వాళ్లు రాసిస్తే "చదువుకునే పిల్లలకు ఎవరో ఎగదోసి చెప్పారు" అనే మాట పుట్టదు. లెక్కలు, తిరుగుడు, రాతకోతలు నువ్వు చెయ్యి.

అడిగేది చిన్నగా ఉండాలి. "టిప్పర్లు ఆపాలి" అంటే సంతకం పెట్టే అధికారి దొరకడు. "బడి మొదలయ్యే గంట, వదిలే గంట ఈ రోడ్డు మీద టిప్పర్లు తిరగకూడదు, గేటుకు రెండు వైపులా స్పీడు బ్రేకర్లు వేయాలి" అంటే ఒకరు సంతకం పెట్టగలరు. ఆ ఒకరెవరో తేల్చుకోవడమే పెద్ద పని. రోడ్డు ఆర్ అండ్ బీ వాళ్లదా, పంచాయతీరాజ్ వాళ్లదా ముందు కనుక్కో, లేకపోతే ఆఫీసు నుంచి ఆఫీసుకు తిప్పుతారు. గ్రావెల్ తవ్వడానికి పర్మిట్ ఇచ్చేది గనుల శాఖ, ఓవర్‌లోడు చూసేది రవాణా శాఖ. సమాచార హక్కు కింద అడగడానికి వయసు అడ్డం కాదు, ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి ఆఫీసులకు ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. కానీ పర్మిట్ల గురించి అడిగే కాయితం మీద నీ పేరు, అడ్రసు ఉంటే అది ఆ టిప్పర్ల ఓనరు చెవిలో పడటానికి ఎంతోసేపు పట్టదు. టౌనులో ఉన్న మామయ్యో బాబాయో ఎవరితోనైనా పెట్టించు.

ఇవన్నీ చేసినా కదలకపోతే అప్పుడు బయటికి రండి. అప్పుడు కూడా అడ్డంగా కూర్చోవద్దు, రోడ్డు పక్కన మానవహారంగా నిలబడండి. బడి వదిలే టైముకు అరగంట చాలు. తల్లులు ముందు, పిల్లలు వెనక. శాంతియుతంగా గుమికూడే హక్కు రాజ్యాంగం 19వ అధికరణ ఇచ్చిందే, దానికి పద్దెనిమిదేళ్లు నిండాలని లేదు. కానీ మన జిల్లాల్లో పోలీస్ యాక్ట్ సెక్షన్ 30 (సభలకు, ఊరేగింపులకు పోలీసుల అనుమతి ఉండాలనేది) అమల్లో ఉందని తరచూ ప్రకటిస్తుంటారు. ఎక్కడ, ఎన్ని గంటలకు, ఎంతమంది అని రాసి పెద్దవాళ్ల సంతకంతో స్టేషన్లో ముందే ఇచ్చి, ఒక కాపీ మీద స్టాంపు వేయించుకోండి. రోడ్డు ఆపితే మాత్రం కేసు పెట్టడానికి సెక్షన్లు చాలానే ఉన్నాయి. పద్దెనిమిది లోపు పిల్లల్ని లాకప్‌లో పెట్టకూడదని 2015 జువైనల్ జస్టిస్ చట్టం చెప్తోంది, నిజమే. కానీ మా నాయన కూర్చున్న బెంచీకి ఆ చట్టం వర్తించదు.

జెండాతో ఎవరన్నా వస్తే మర్యాదగా "అన్నా, ఇది బడి పిల్లల తల్లులది, వెనక నిలబడండి" అని చెప్పే ఒక పెద్దమ్మను ముందే చూసిపెట్టుకో. నువ్వు చెప్తే వినరు. టిప్పరు డ్రైవర్లతో గొడవ పడొద్దు, వాళ్ల మొహాలు వీడియో తీసి స్టేటస్‌లో పెట్టొద్దు. ట్రిప్పు లెక్కన కూలికి తోలేవాళ్లు వాళ్లు.

ఇంట్లో "చదువుకునే పిల్లకు ఇవన్నీ ఏంటికి" అంటే మన జిల్లా నీలం సంజీవరెడ్డి గారి పేరు చెప్పాలనిపిస్తుంది, నేనూ చెప్పా. 1929లో గాంధీ అనంతపురం వచ్చాక సంజీవరెడ్డి గారు స్వాతంత్ర్య పోరాటంలోకి దిగారు, అప్పుడు ఆయనకు పదహారేళ్లు. తర్వాత రాష్ట్రపతి కూడా అయ్యారు. మా జేజి అంతా విని, "ఆయప్ప కాలేజీ మానేసినాడంట, అది కూడా చెప్పు మే" అంది. 1931లో ఆయన చదువు మానేసిన మాట నిజమే. కాబట్టి ఆ వాదన పనిచేయదు, వదిలెయ్. హాజరు తగ్గకుండా చూసుకో, అది మీ అమ్మను ఎక్కువ ఒప్పిస్తుంది.

వచ్చే సోమవారం నుంచి ఒక వారం లెక్క రాయి. బడి గేటు లోపల నిలబడి, పొద్దున ఎనిమిదిన్నర నుంచి తొమ్మిదిన్నర, సాయంత్రం మూడున్నర నుంచి ఐదు. కాలేజీ ఉంటుంది కాబట్టి నీ తమ్ముడి క్లాసులో ఒక లీడరుకు అప్పగించు. ఎన్ని టిప్పర్లు, లోడు మీద టార్పాలిన్ పట్టా కప్పారా లేదా, అంతే రాయమను. కమిటీ తల్లులతో మాట్లాడాక అర్జీ డ్రాఫ్టు ఇక్కడే పెట్టు, నేను చూసి దిద్దిస్తా.