అక్కకు 2016 రూపాయలు, చెల్లెలికి 4000: పెన్షన్‌లో ఇంత తేడా ఎందుకు?

మీ అమ్మమ్మకు తెలంగాణలో వృద్ధాప్య పెన్షన్ నెలకు 2016 రూపాయలు, ఆంధ్రాలో ఉన్న ఆవిడ చెల్లెలికి 4000 వస్తున్నాయని, కేంద్రం ఒకరికి ఎక్కువ ఇస్తోందా అని అడిగారు. మా ఇంట్లోనూ ఇదే గొడవ. నానమ్మ ఆంధ్రాలోని తిరువూరులో ఉంటుంది, మేనత్తది తెలంగాణలోని సత్తుపల్లి పక్క పల్లె.

కేంద్రం లెక్క రెండుచోట్లా ఒకటే. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకు 60 నుంచి 79 ఏళ్ల వరకు నెలకు 200 రూపాయలు, 80 నిండితే 500. అంతే! మిగతాదంతా రాష్ట్రం సొంత ఖజానాలోంచి వేసుకోవాల్సిందే. 2024 జూలైలో ఆంధ్రప్రదేశ్ 3000ను 4000 చేసి, ఏప్రిల్ నుంచి బకాయి కలిపి 7000 ఇచ్చింది. నానమ్మ ఆ నోట్లు తను రెండుసార్లు లెక్కపెట్టుకుని, మళ్లీ నాతో లెక్కపెట్టించింది. అదే నెల మేనత్తకు వచ్చింది 2016.

దివ్యాంగుల విషయంలో తేడా ఇంకా లోతుగా ఉంది. మా బాబాయికి పోలియో. వైకల్యం ఎంతో తేల్చే సదరం సర్టిఫికెట్‌లో 55 శాతం రాశారు. ఆంధ్రాలో 40 శాతం ఉంటే చాలు కాబట్టి ఆయనకు 6000 వస్తోంది. కేంద్రం ఇచ్చే 300 మాత్రం 80 శాతం వైకల్యం ఉన్నవాళ్లకే. అంటే బాబాయి అందుకునే 6000లో కేంద్రం లెక్కన వచ్చేది ఒక్క రూపాయి కూడా లేదు. అందుకే ఇంట్లో అందరికీ చెబుతుంటాను, ఆ సర్టిఫికెట్‌ను పొలం కాగితాల్లా దాచుకోండని.

డబ్బు చేతికందే తీరు కూడా మొత్తం ఎంతన్నంత ముఖ్యమే. నానమ్మకు 1వ తేదీ పొద్దున్నే సచివాలయం వాళ్లు ఇంటికొచ్చి ఇస్తారు. మిరపకాయలు కోసీ కోసీ ఆమె వేళ్లు అరిగిపోయాయి, వేలిముద్ర పడదు. తడిగుడ్డతో తుడిచి ఒక్కో వేలూ పెట్టి చూస్తారు. నాకు టెన్షన్, ఆవిడకు భయం. మేనత్త పోస్టాఫీసుకు వెళ్లి తెచ్చుకోవాలి, మోకాళ్ల నొప్పులతో ఆటో ఎక్కి. ఆ ఆటో డబ్బులూ ఆ 2016లోంచే పోతాయి.

అమ్మమ్మను ఆంధ్రాకు మార్చాలనుకుంటుంటే ఒక్కటి చూసుకోండి. రెండు రాష్ట్రాల్లో తీసుకోవడం కుదరదు, ఇక్కడి పెన్షన్ అక్కడికి బదిలీ కాదు. ఆధార్ చిరునామా, రేషన్ కార్డు మార్చి మళ్లీ కొత్తగా దరఖాస్తు పెట్టుకోవాలి. అది మంజూరయ్యేదాకా చేతికి ఏమీ రాదు. మేనత్త మందుల ఖర్చు ఆ 2016 మీదే నడుస్తోంది కాబట్టి మేం మార్చలేదు.