ఫోను కంపెనీకి అయ్యే అసలు ఖర్చు ఎంతో ప్రభుత్వానికి ఎలా తెలుస్తుంది?

ప్రశ్న అడిగినవారి అనుమానం ఇది. తన ఖాతాదారు చేసిన కాల్‌ను చేర్చినందుకు ఒక కంపెనీ మరో కంపెనీకి చెల్లించే ఇంటర్‌కనెక్షన్ ఛార్జీలను, కొన్నిచోట్ల వినియోగదారుల టారిఫ్‌ను కూడా, సమర్థంగా నడిచే సంస్థకు అయ్యే ఖర్చును బట్టి నిర్ణయిస్తామని ప్రభుత్వాలు చెబుతాయి. కానీ లెక్కల పుస్తకాలన్నీ కంపెనీ దగ్గరే ఉంటాయి. అలాంటప్పుడు కంపెనీ చెప్పిందే నమ్మక తప్పదు కదా?

నమ్మనక్కర్లేదు. నమ్మకూడదు కూడా. నేను చాలా ఏళ్లు ఒక పెద్ద టెలిఫోన్ సంస్థలో ఖర్చుల లెక్కలు చూసే విభాగంలో పనిచేశాను. నియంత్రణ సంస్థకు వెళ్లే పట్టికలు మా బల్లల మీదే తయారయ్యేవి. వాటిలో దొంగ లెక్కలు ఉండేవి కావు. ప్రతి పద్దుకూ ఓచరు ఉండేది, ఆడిటర్ సంతకం ఉండేది. అసలు చిక్కు అక్కడే ఉంది. డబ్బు నిజంగా ఖర్చయిందా అని ఆడిటర్ చూస్తాడు. ఆ పనికి అంత డబ్బు అవసరమా అని చూడడం ఆయన పని కాదు. టారిఫ్ నిర్ణయించేవారు చూడాల్సింది మాత్రం ఆ రెండోదే.

ఇతర కంపెనీల నుంచి మా నెట్‌వర్క్‌లోకి వచ్చే కాల్స్‌కు నిమిషానికి ఎంత వసూలు చేయాలన్న దానిపై ఒకసారి విచారణ నడుస్తోంది. మేము పంపిన పట్టికల్లో ఎక్స్ఛేంజీ భవనాలది పెద్ద పద్దు. నియంత్రణ సంస్థ నుంచి ఒక ఇంజినీరు, ఆమెతోపాటు ఒక అకౌంటెంటు వచ్చి, వాటిలో ఒక భవనాన్ని చూస్తామన్నారు. నాలుగు అంతస్తుల కట్టడం అది. పాత ఎలక్ట్రోమెకానికల్ స్విచ్‌ల కాలంలో నాలుగు అంతస్తులూ యంత్రాలతో నిండి ఉండేవి. డిజిటల్ ఎక్స్ఛేంజీ వచ్చాక అంతకంటే ఎక్కువ లైన్లను ఒక్క గదిలోని పరికరాలే మోస్తున్నాయి.

మూడో అంతస్తు తలుపు తీశాం. పెద్ద ఖాళీ హాలు. ర్యాకులు పీకేసిన చోట నేల మీద పొడవాటి ముదురు చారలు వరుసగా కనిపిస్తున్నాయి. పైన కేబుళ్లు లేని ఇనుప ట్రేలు వేలాడుతున్నాయి. ఒక మూల పాత డైరెక్టరీల కట్టలు. గది మాత్రం చల్లగా ఉంది. యంత్రాల కోసం ఎప్పుడో పెట్టిన ఏసీని ఎవరూ ఆపలేదు. ఆ ఇంజినీరు గాలి వచ్చే జాలీ కింద చెయ్యి పెట్టి చూసి, "ఈ అంతస్తు కరెంటు బిల్లు ఏ పద్దులో వేశారండీ?" అని అడిగారు. మా మేనేజరు నా వైపు చూశారు. "భవనం మొత్తానికి ఒకటే మీటరు మేడమ్. బిల్లంతా స్విచింగ్ పద్దులోకే వెళుతుంది" అని చెప్పాను. ఆమె వాదనకు దిగలేదు. కింది అంతస్తుకు వెళ్లి, డిజిటల్ పరికరాలున్న గదిని టేపుతో కొలిపించి, పొడవు వెడల్పులు రాసుకుని వెళ్లిపోయారు.

తుది ఉత్తర్వులో ఆ గది ఉంది. బ్యాటరీలకు, జనరేటరుకు, సిబ్బందికి కావలసిన చోటు ఉంది. మిగిలిన అంతస్తులు లేవు. అలాంటి భవనాలన్నింటికీ అదే సూత్రం వర్తింపజేశారు. మా డైరెక్టరు మండిపడ్డారు. "డబ్బు పెట్టి కట్టాం. భవనం కళ్లముందు కనిపిస్తోంది. లేదనుకోమంటే ఎలా?" అన్నారు. ఆయన బాధ నాకు అర్థమైంది. కానీ కొత్తగా రంగంలోకి వచ్చిన కంపెనీ, తన ఖాతాదారు మా ఖాతాదారుకు ఫోను చేసిన ప్రతిసారీ మా ఖాళీ హాలు ఏసీకి డబ్బు ఎందుకు కట్టాలి? ఆ ఖర్చు భవనం యజమానిది. ప్రభుత్వం ఒత్తిడి మీద కట్టించినదైతే, ప్రభుత్వమే బడ్జెట్‌లో చూపించి బాహాటంగా ఇవ్వాలి. అంతేగానీ కాల్ ఛార్జీలో కలిపేయకూడదు.

సమర్థ వ్యయం లెక్కకట్టే పద్ధతి సారాంశమంతా ఆ టేపులో ఉంది. ఉన్న నెట్‌వర్క్‌కు ఎంతయిందో అడగడం మానేసి, అదే సేవను ఈనాటి పరికరాలతో అందించాలంటే ఎంతవుతుందో ఇంజినీర్లు కింది నుంచి లెక్కకట్టుకుంటూ వస్తారు. ఎక్స్ఛేంజీలు ఉన్న చోట్లను మాత్రం సాధారణంగా కదిలించరు. తీగలన్నీ అక్కడికే చేరతాయి కాబట్టి అది న్యాయమే. లోపల ఏముండాలన్నది మాత్రం కొత్తగా తేలుస్తారు. కాల్స్ మోయడానికి ఎన్ని సర్క్యూట్లు కావాలన్నది రోజు మొత్తం మీద నడిచిన నిమిషాలతో తేలదు, రద్దీ గంటలో వచ్చే కాల్స్‌తో తేలుతుంది. కోపెన్‌హేగెన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన గణితవేత్త ఏర్లాంగ్ 1917లో ఇచ్చిన సూత్రం ఆ పనికి ఇప్పటికీ పనికొస్తోంది. అర్ధరాత్రి మాట్లాడే కాల్ వల్ల నెట్‌వర్క్‌కు అదనంగా అయ్యే ఖర్చు దాదాపు ఏమీ ఉండదు. అయినా చాలాచోట్ల ఇంటర్‌కనెక్షన్ ఛార్జీని పగలూ రాత్రీ తేడా లేకుండా నిమిషానికి ఒకేలా కట్టించారు. ఇది నాకు ఎప్పుడూ మింగుడుపడని విషయం.

కంపెనీ పుస్తకాలను నమ్మితే ఏమవుతుందో అమెరికా చాలాకాలం చూసింది. అక్కడ పెట్టిన పెట్టుబడి మీద ఇంత శాతం రాబడి అని అనుమతించేవారు. అనుమతించిన రాబడి మూలధనం ధర కంటే, అంటే పెట్టుబడి సమకూర్చుకోవడానికి అయ్యే ఖర్చు కంటే, కాస్త ఎక్కువైతే చాలు, కంపెనీ అవసరానికి మించి యంత్రాలూ కట్టడాలూ పెంచుకుంటుందని ఆవెర్చ్, జాన్సన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 1962లో సిద్ధాంతపరంగా చూపించారు. వాళ్లు రాసింది సమీకరణాల్లో. నేను దాన్నే మా సంస్థ కొనుగోళ్ల ఫైళ్లలో చూశాను.

బ్రిటన్ 1984లో బ్రిటిష్ టెలికాంను ప్రైవేటుపరం చేసినప్పుడు ఈ గొడవను మరో దారిలో తప్పించుకోవాలనుకుంది. ధరల పెరుగుదల ద్రవ్యోల్బణం కంటే ఎక్స్ శాతం తక్కువగా ఉండాలని ఆర్థికవేత్త స్టీఫెన్ లిటిల్‌చైల్డ్ సూచించిన సూత్రాన్ని తీసుకుంది. మొదట ఎక్స్ విలువ 3. తర్వాత 1989లో 4.5, 1991లో 6.25, 1993లో 7.5. ఈ వరుసను ఒకసారి నిదానంగా చదవండి. బిగించిన ప్రతిసారీ ఇంకా బిగించడానికి చోటు దొరికింది. సాంకేతికత చౌకవడం కూడా ఒక కారణమని కొందరంటారు. నా దృష్టిలో అసలు కారణం, మొదటి రోజున పుస్తకాల్లో కూరుకుపోయి ఉన్న దుబారా. ఎక్స్ ఎంత ఉండాలో తేల్చడానికి చివరికి సమర్థ సంస్థ ఖర్చు ఎంతో చూడక తప్పదు. ఆ పని చేయకుండా తప్పించుకునే దారి లేదు.

నియంత్రణ సంస్థే వద్దు, సాధారణ పోటీ చట్టం చాలు అనుకున్న దేశం కూడా ఒకటుంది. న్యూజీలాండ్‌లో కొత్త కంపెనీ క్లియర్‌కూ పాత సంస్థ టెలికామ్‌కూ మధ్య ఇంటర్‌కనెక్షన్ తగాదా అప్పట్లో ఆ దేశానికి చివరి అప్పీలు కోర్టు అయిన లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లింది. కొత్త కంపెనీ వల్ల పాత సంస్థ పోగొట్టుకునే లాభాన్ని కూడా ఛార్జీలో కలుపుకోవడం చట్టవిరుద్ధం కాదని 1994లో తీర్పు వచ్చింది. పోటీ వచ్చినా పాత లాభం చెక్కుచెదరదన్నమాట. ఇది చదివినప్పుడు నాకు కోపం వచ్చింది, ఇప్పటికీ వస్తుంది. 2001లో ఆ దేశం ప్రత్యేక టెలికాం చట్టం చేసి కమిషనర్‌ను పెట్టుకోవాల్సి వచ్చింది. అమెరికాలో 1996 టెలికాం చట్టం తర్వాత అక్కడి నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ దీనికి పూర్తి వ్యతిరేక దిశలో వెళ్లి, అత్యంత సమర్థమైన సాంకేతికతతో భవిష్యత్తులో అయ్యే ఖర్చునే ప్రమాణంగా పెట్టింది. లేని నెట్‌వర్క్ ఖర్చును ఉన్న నెట్‌వర్క్‌కు అంటగడతారా అని పాత కంపెనీలు సుప్రీంకోర్టుకు వెళ్లాయి. 2002లో కోర్టు ఎఫ్‌సీసీ పక్షానే నిలిచింది. మా డైరెక్టరు అడిగిన ప్రశ్నకు అక్కడ జవాబు దొరికింది.

అయితే కొత్తగా కడితే ఎంత అన్న లెక్క ఎప్పుడూ కంపెనీకి నష్టమే అనుకోకండి. ఈ విషయం చాలామంది గమనించరు. కేబుళ్ల కోసం భూమిలో వేసిన గొట్టాలు, అంటే డక్టులు, ఎన్నో దశాబ్దాలు నిలుస్తాయి. చాలావాటికి తరుగుదల పూర్తయి, పెట్టిన డబ్బు ఎప్పుడో వసూలైపోయింది. వాటిని ఈనాటి తవ్వకం కూలీతో, ఈనాటి రోడ్డు మరమ్మతు ఖర్చుతో మళ్లీ విలువ కడితే, అదే గుంతకు జనం రెండోసారి డబ్బు కట్టినట్టవుతుంది. ఎక్స్ఛేంజీ భవనాల దగ్గర పాత ఖర్చే లెక్కించాలని పట్టుబట్టిన మా సంస్థే డక్టుల దగ్గర కొత్త ఖర్చు కావాలని వాదించింది. రెండు వాదనలూ ఒకే వినతిపత్రంలో, కొన్ని పేజీల తేడాతో ఉన్నాయి. యూరోపియన్ కమిషన్ 2013 సిఫారసులో దీనికి సరైన మందు వేసింది. మళ్లీ వాడుకోగల డక్టుల విషయంలో, అప్పటికే వసూలైన భాగాన్ని మళ్లీ లెక్కలోకి రానివ్వవద్దని చెప్పింది. పోటీ సంస్థ కొత్తగా కట్టగలదనుకునే పరికరాలకు కొత్త ఖర్చు, ఎవరూ మళ్లీ తవ్వబోని గుంతలకు మిగిలిన పాత ఖర్చు. అంతకంటే న్యాయమైన విభజన నాకు ఎక్కడా కనిపించలేదు.

ఇతర కంపెనీల నుంచి వచ్చే కాల్స్ ఛార్జీ సంగతి ఇంకా స్పష్టం. మీ ఖాతాదారుకు ఫోను చేరాలంటే మీ నెట్‌వర్క్ తప్ప మరో దారి లేదు. ఎంత చిన్న కంపెనీ అయినా ఆ విషయంలో గుత్తాధిపతే. అందుకే యూరప్ 2009లో, ఆ కాల్స్ రావడం వల్ల అదనంగా అయిన ఖర్చు మాత్రమే లెక్కించాలని, ఉమ్మడి ఖర్చులను కలపవద్దని చెప్పింది. తర్వాత అక్కడ మొబైల్‌కు వచ్చే కాల్స్‌పై అందరికీ ఒకే గరిష్ఠ రేటు పెట్టి, 2021లో నిమిషానికి 0.7 యూరో సెంట్లతో మొదలై 2024 నాటికి 0.2 సెంట్లకు తెచ్చారు. భారత్‌లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2017 అక్టోబరులో మొబైల్ కాల్స్‌పై ఈ ఛార్జీని నిమిషానికి 14 పైసల నుంచి 6 పైసలకు దించి, 2021 జనవరి నుంచి సున్నా చేసింది. ఇంత దించితే పెట్టుబడులు ఆగిపోతాయని ప్రతిచోటా హెచ్చరించారు. ఆ ఛార్జీ ఒక కంపెనీ జేబులోంచి మరో కంపెనీ జేబులోకి వెళ్లే డబ్బు. అది తగ్గితే రంగం మొత్తానికి పెట్టుబడి ఎలా తగ్గుతుందో నాకు ఇంతవరకు ఎవరూ ఒప్పించేలా చెప్పలేదు.

నా అసలు ఫిర్యాదు పద్ధతి మీద కాదు, దాన్ని మూసిన గదిలో నడపడం మీద. ఛార్జీ నిర్ణయించే ముందు నియంత్రణ సంస్థ విడుదల చేసే చర్చాపత్రాల్లో పరికరాల ధరల గురించి పేజీలకు పేజీలు ఉంటాయి. యాంటెన్నా ఎంత, రూటర్ ఎంత అని కంపెనీల ప్రతినిధులు గంటలు వాదిస్తారు. ఈ ఖర్చు లెక్కకట్టే కంప్యూటర్ పట్టికలను మోడళ్లంటారు. నేను చూసిన మోడళ్లలో ఛార్జీని నిజంగా కదిలించేవి మూడే: పరికరం ఎన్నేళ్లు పనిచేస్తుందన్న అంచనా, మూలధనం మీద అనుమతించే రాబడి శాతం, రాబోయే ఏళ్లలో ట్రాఫిక్ ఎంత పెరుగుతుందన్న అంచనా. ట్రాఫిక్‌ను తక్కువ వేస్తే చాలు, యూనిట్ ఖర్చు దానంతటదే పెరిగి కూర్చుంటుంది. అది ఒక్క గడిలో ఒక్క సంఖ్య. ఆ గడి మీదే "వాణిజ్య రహస్యం" అని నల్లరంగు పూస్తారు. వినియోగదారుల సంఘాలకు మోడళ్లు విప్పి చూసే నిపుణులను పెట్టుకునే స్తోమత ఉండదు. విచారణ గదిలో ఒకవైపు కంపెనీల న్యాయవాదులు రెండు మూడు వరుసల్లో కూర్చుంటే, జనం తరఫున ఒక్కరో ఇద్దరో ఉండేవారు. నియంత్రణ సంస్థ ఎంత నిజాయితీగా ఉన్నా రోజంతా ఒకే పక్షం గొంతు వింటుంది. మోడల్‌ను సూత్రాలతో సహా ఎవరైనా దించుకుని నడిపి చూసుకునేలా ప్రచురించడం తప్పనిసరి చేయాలి. ఒక సంస్థ సొంత వివరాలు బయటపడతాయన్న భయం ఉంటే అక్కడ సగటు సంఖ్యలు పెట్టవచ్చు. లెక్కకట్టేది ఊహించిన సమర్థ సంస్థ ఖర్చు అయినప్పుడు, అందులో ఫలానా కంపెనీ రహస్యమంటూ పెద్దగా ఏముంటుంది?

అందుకే మీ దేశంలో ఇలాంటి చర్చాపత్రం బయటికి వస్తే పరికరాల ధరల దగ్గర ఆగిపోకుండా ముందు అనుబంధాలు తెరవండి. తరుగుదల కాలాల పట్టికను గత ఉత్తర్వులోని పట్టికతో పక్కపక్కన పెట్టి చూడండి. ఏదైనా పరికరం ఆయుష్షు కారణం రాయకుండా తగ్గి ఉంటే, ఎందుకు తగ్గించారని గడువులోపు రాతపూర్వకంగా అడగండి. తర్వాత ట్రాఫిక్ అంచనాను, అదే కంపెనీలు తమ వాటాదారులకు చెప్పుకునే వృద్ధితో సరిపోల్చండి. ఆ రెండూ ఒకటి కాకపోతే ఆ తేడాను కూడా అదే ఉత్తరంలో రాసి పంపండి.