డైరెక్టరు కాబోతున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మలుకు పెద్దమ్మ ఆశీస్సులు.

గిరిజన గ్రామాల్లో బడులు నడిపే స్వచ్ఛంద సంస్థకు నువ్వు డైరెక్టరువి కాబోతున్నావని మీ అమ్మ చెప్పినప్పటి నుంచి నాకు ఎంత గర్వంగా ఉందో అంత బెంగగానూ ఉంది. ఏటా ఆడిట్ చేయించడం, నెలనెలా భవిష్యనిధి కట్టడం నీకు ఒకరు చెప్పనక్కర్లేదు.

నా బెంగ వేరు. నేను పనిచేసిన సంస్థలో వ్యవస్థాపకుడి మాటకు ఎదురుండేది కాదు. ఆయన అందరి ముందూ తిట్టినా, అర్ధరాత్రి పని చెప్పినా, పేదల కోసమే కదా అని సరిపెట్టుకునేవారు. ఆ దూషణ భరించలేక ఒక క్షేత్ర కార్యకర్త పాలకవర్గానికి ఉత్తరం రాస్తే, అందులోని వారంతా ఆయన మిత్రులే కావడం వల్ల, ఆ ఉత్తరాన్ని తీసుకెళ్లి ఆయన చేతికే ఇచ్చారు. కొద్ది రోజులకే ఆమెను దూరపు కేంద్రానికి బదిలీ చేశారు. సంస్థ పరువు పోతుందని సాటి ఉద్యోగులు ఆమెకే నచ్చజెప్పారు. ఆమె మానేసి వెళ్లిపోయాక మరొకరు ఫిర్యాదు రాయలేదు. ఆ మౌనాన్ని చూసి అంతా సవ్యంగా ఉందని పాలకవర్గం నమ్మింది. ఆమె ఎంత బాగా పనిచేసేదో తను తిరిగిన ఊళ్లలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

చిన్న సంస్థల్లోనే ఇలా జరుగుతుందనుకోకు. మానవ హక్కుల కోసం పోరాడే ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్‌లో 2018లో ఒక పరిశోధకుడు పారిస్ కార్యాలయంలోనే ఆత్మహత్య చేసుకున్నాడు. తర్వాత చేయించిన సమీక్ష, అక్కడి పని వాతావరణమే విషపూరితంగా ఉందని 2019లో తేల్చింది.

మన దేశంలో పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపుల విషయానికి 2013 చట్టం ఉంది. పదిమంది, లేదా అంతకు మించి పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండాలి. యజమాని స్థానంలో ఉన్నవారి మీదే ఫిర్యాదైతే అది జిల్లాలోని స్థానిక కమిటీకి వెళ్తుంది. ఆ సంగతి ప్రతి కేంద్రంలోనూ తెలుగులో రాయించి గోడకు అంటించు. అయితే లైంగిక వేధింపుతో ముడిపడని తిట్లూ, అవమానాలూ, అంతులేని పనివేళలూ ఆ చట్టం పరిధిలోకి రావు. అందుకే నీ మీద వచ్చే ఫిర్యాదు నీ కంటపడకుండా, నీతో స్నేహం లేని పాలకవర్గ సభ్యులకు నేరుగా చేరేలా, ఫిర్యాదు చేసినవారిని విచారణ ముగిసేదాకా బదిలీ చేయకుండా, చేరిన మొదటి నెలలోనే తీర్మానం చేయించు. నీ మీద ఎవరు ఫిర్యాదు చేస్తారని నవ్వకు. పరీక్షలప్పుడు అన్నం కూడా మరిచి చదివేదానివి; నువ్వు ఓర్చుకున్నదంతా ఇతరులూ ఓర్చుకోవాలని అనుకుంటావేమోనని నా భయం. వేళకు తిను తల్లీ, వాళ్లనూ వేళకు ఇంటికి పంపు.

తీర్మానం ముసాయిదా రాయగానే నాకు పంపు, చదివి చెబుతాను.

ఇట్లు,
నీ పెద్దమ్మ