ఎస్ఎంఎస్ సర్వీసును సెలరీ వర్కర్‌లో కలిపితే ఏమవుతుంది? మాకైతే ఇదీ జరిగింది

ఎస్ఎంఎస్‌లు పంపే స్క్రిప్టు విడిగా నడుస్తోంది, దాన్ని సెలరీ (Celery) వర్కర్‌లో, అంటే పైథాన్‌లో వెనకాల జరగాల్సిన పనులు చేసిపెట్టే ప్రోగ్రామ్‌లో, కలిపేయొచ్చా అని అడిగారు. కలపొచ్చు. మేమూ కలిపాం, కాకపోతే మిర్చి సీజన్ మధ్యలో కలిపి తిట్లు తిన్నాం.

హన్మకొండలో ఉండి వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో కొందరు అడ్తిదారులకు (కమీషన్ వ్యాపారులకు) సాఫ్ట్‌వేర్ చూసేవాళ్లం. సరుకు అమ్మిన రైతులకు మెసేజ్‌లు పోయేవి. పాత స్క్రిప్టు అర నిమిషానికోసారి డేటాబేస్ టేబుల్ చూసి, పంపని మెసేజ్‌లు ఉంటే వరుసగా పంపేది. దాని లాగ్ వేరు, సెట్టింగ్స్ వేరు. ఆగిపోయినా రైతు ఫోన్ చేసేదాకా మాకు తెలిసేది కాదు. అందుకే కలిపాం.

కలిపాక అర్థమైంది, పాత స్క్రిప్టు ఒక్కటే ప్రాసెస్ కావడమే, ఒకే మెసేజ్ రెండుసార్లు పోకుండా ఆపిన, మాకు తెలియని తాళమని. అదే కోడ్‌ను సెలరీ బీట్‌తో (టైమ్ ప్రకారం టాస్క్‌లు మొదలుపెట్టే భాగం) అర నిమిషానికోసారి నడిపితే, ఎస్ఎంఎస్‌లు పంపే గేట్‌వే స్లో అయినప్పుడు మొదటిది పూర్తికాకముందే రెండోది మొదలై అవే మెసేజ్‌లు పట్టుకుంది. మా డేటాబేస్ పోస్ట్‌గ్రెస్‌లో 'ఫర్ అప్‌డేట్ స్కిప్ లాక్డ్' (ఒకరు పట్టుకున్న వరుసలను ఇంకొకరు వదిలేసి ముందుకెళ్లడం) పెట్టాక ఆ బాధ తప్పింది. పోస్ట్‌గ్రెస్ 9.5 వెర్షన్ నుంచి ఉంది, వాడండి.

అసలు టెన్షన్ తర్వాత వచ్చింది. పొద్దున తక్‌పట్టీ (అమ్మకం చీటీ) రాయగానే, సాయంత్రం 6 గంటలకు పోవాల్సిన మెసేజ్‌ను ఈటీఏ (ఎప్పుడు నడవాలో చెప్పే టైమ్) ఇచ్చి క్యూలో వేశాం. మా బ్రోకర్, అంటే టాస్క్‌ల క్యూ ఉండేచోటు, రెడిస్. అందులో విజిబిలిటీ టైమవుట్ (తీసుకున్న టాస్క్ పూర్తయిందని చెప్పకపోతే ఎంతసేపు ఆగి మళ్లీ ఇస్తుందో ఆ టైమ్) మామూలుగా 1 గంట. ఈటీఏ ఉన్న టాస్క్‌ను వర్కర్ తీసుకుని, టైమయ్యేదాకా అక్‌నాలెడ్జ్ చేయకుండా (అందిందని చెప్పకుండా) పట్టుకుని కూర్చుంటుంది. గంట దాటితే రెడిస్ వైపు నుంచి అదే టాస్క్ ఇంకో వర్కర్‌కు పోతుంది. సాయంత్రానికి ఒక్కో మెసేజ్‌కు ఇన్ని కాపీలు! "ఒక్క లాట్ అమ్మితే ఐదు మెసేజ్‌లు వచ్చినయ్, పైసలు గూడ ఐదుసార్లు ఏస్తరా అన్నా?" అని ఒక రైతు అడిగితే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఈటీఏ తీసేసి, పంపాల్సిన టైమ్‌ను టేబుల్‌లోనే ఒక కాలమ్‌గా పెట్టాం.

మీ వర్కర్‌లో పెద్ద పీడీఎఫ్‌లు, రిపోర్టులు తయారయ్యే పనులుంటే, వాటి వెనక ఆగిపోకుండా ఎస్ఎంఎస్‌లకు వేరే క్యూ, దానికో చిన్న వర్కర్ ఇవ్వండి. మళ్లీ విడగొట్టినట్టే కదా అంటారేమో. అయినా కోడ్, లాగ్, రీట్రై (ఫెయిలైతే మళ్లీ పంపడం) అన్నీ ఒక్కచోటే ఉంటాయి, మనకు కావాల్సింది అదే.

ఇంకోటి, పాత సర్వీసును స్టాప్ చేసి ఊరుకోకండి, డిసేబుల్ కూడా చేయండి. మేం మరిచిపోయాం. నెల తర్వాత సర్వర్ రీబూట్ చేస్తే అది మళ్లీ లేచి కూర్చుంది.