పబ్లిక్ లా చదివితే మన సరిహద్దు జిల్లాల్లో ఏం పని దొరుకుతుంది?

అడిగిన ప్రశ్న: "మాది పర్లాకిమిడి. డిగ్రీ అయింది, ఇంట్లో తెలుగే మాట్లాడతాం. లా చేసి పబ్లిక్ లాలో స్పెషలైజ్ అవుదామనుకుంటున్నాను. దాంతో ఉద్యోగాలుంటాయా, లేక కోర్టు వరండాలో నిలబడడమేనా?"

నేను బరంపురంలో ఎల్‌ఎల్‌బీ, ఆ తర్వాత రాజ్యాంగ చట్టంలో ఎల్‌ఎల్‌ఎం (లాలో పీజీ) చేశాను. ఇప్పుడు ఆంధ్ర సరిహద్దులో ఉన్న ఒడిశా జిల్లాలు గంజాం, గజపతిల కేసులు చూస్తాను. స్పెషలైజేషన్ గురించి ఇప్పుడే టెన్షన్ పడకండి, అది ఎల్‌ఎల్‌ఎంలో వస్తుంది. మూడేళ్ల ఎల్‌ఎల్‌బీలో రాజ్యాంగ చట్టం, పరిపాలనా చట్టం అందరూ చదవాల్సినవే. పబ్లిక్ లా అంటే ఇవే: మనిషికీ సర్కారుకీ, లేదా సర్కారుకీ సర్కారుకీ వచ్చే తగాదాలు.

అలాంటివి మన చుట్టుపక్కల బోలెడు. మీ గజపతి జిల్లా పక్కనే వంశధార నది మీద నేరడి బ్యారేజీ గురించి ఆంధ్ర, ఒడిశాల గొడవ 2010లో ట్రిబ్యునల్‌కి (ఆ తగాదా కోసమే పెట్టిన ప్రత్యేక న్యాయస్థానానికి) వెళ్లింది, 2017లో తీర్పు వచ్చింది. కొరాపుట్ వైపు కొఠియా గ్రామాలు ఆంధ్రవా ఒడిశావా అన్న కేసు 1968లోనే సుప్రీంకోర్టు గడప తొక్కింది. అక్కడ చాలామంది దగ్గర రెండు రాష్ట్రాల రేషన్ కార్డులూ ఉంటాయి. నియమగిరి కొండల్లో బాక్సైట్ తవ్వకాల సంగతి గ్రామసభలే తేల్చాలని 2013లో సుప్రీంకోర్టు చెప్తే, రాయగడ, కలహండి జిల్లాల్లో సభ పెట్టిన పన్నెండు ఊళ్లూ వద్దన్నాయి.

అయితే మీ టేబుల్ మీదికి రోజూ వచ్చేవి ఇంత పెద్దవి కావు. శ్రీకాకుళం వైపు నుంచి కోడలిగా వచ్చిన ఒకామె ఇక్కడ కుల ధ్రువపత్రానికి దరఖాస్తు పెట్టుకుంది. ఒక ఆఫీసు నుంచి ఒడియాలో ఒకే ఒక్క వాక్యంతో కాగితం వచ్చింది: దరఖాస్తు తిరస్కరించడమైనది. ఏ రూలు కిందో లేదు, ఆమెను పిలిచి అడిగిందీ లేదు. తేదీ మీద పెన్నుతో దిద్దారు కూడా. నిజానికి చట్టం ఆమె పక్షాన లేదు. 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో సుప్రీంకోర్టు ఆ సంగతి తేల్చేసింది. తెనాలిలో పుట్టి, తండ్రి ఉద్యోగం వల్ల బొంబాయి వెళ్లిన కుర్రాడు ఎస్టీ కోటాలో మెడికల్ సీటు అడిగాడు. సొంత రాష్ట్రంలో ఎస్టీ అయినంత మాత్రాన వలస వెళ్లిన రాష్ట్రంలో ఆ కోటా రాదన్నారు. మరి మేం ఎందుకు అప్పీలు వేశాం? కారణం చెప్పకుండా కాదనే అధికారం ఆఫీసుకి లేదు కాబట్టి. కారణాలతో కొత్త ఆర్డర్ వచ్చింది. మళ్లీ తిరస్కరణే, కాకపోతే పుట్టింటి జిల్లాలో తీసుకోవచ్చని రాశారు. ఆమె అక్కడే తీసుకుంది. ఇది గెలుపో ఓటమో నేనూ చెప్పలేను. ఇలాంటి కాగితాల పని విసుగనిపిస్తే మాత్రం ఈ దారిలోకి రాకండి.

ఇక ఉద్యోగాలు. రిట్ (సర్కారు చర్య చెల్లదంటూ నేరుగా హైకోర్టులో వేసే పిటిషన్) వేయాలంటే రాజ్యాంగం 226వ అధికరణం కింద కటక్ హైకోర్టుకే వెళ్లాలి. 2019లో ఒడిశా అడ్మినిస్ట్రేటివ్ ట్రిబ్యునల్‌ని ఎత్తేశాక ప్రభుత్వ ఉద్యోగుల సర్వీసు కేసులు (ప్రమోషన్లు, బదిలీల లాంటివి) కూడా అక్కడికే పోతున్నాయి. పబ్లిక్ లా మీద నిలకడగా సంపాదించేవాళ్లలో ఎక్కువమంది చేసేది ఈ సర్వీసు కేసులే. జడ్జి కావాలంటే మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని 2025 మేలో సుప్రీంకోర్టు మళ్లీ నిబంధన పెట్టింది. చదువు పూర్తవగానే పరీక్ష రాసేద్దామనుకుంటే కుదరదు. పాఠాలు చెప్పడం ఇష్టమైతే ఎల్‌ఎల్‌ఎం, నెట్ (లెక్చరర్ అర్హత పరీక్ష) కావాలి. కొన్ని ప్రభుత్వరంగ సంస్థలు క్లాట్ పీజీ (ఎల్‌ఎల్‌ఎం ప్రవేశ పరీక్ష) మార్కులతో లా ఆఫీసర్లను తీసుకుంటాయి. సివిల్స్‌లో లా ఆప్షనల్‌గా పెట్టుకోవచ్చు. ఇంట్లో పెద్దవాళ్లు లా చదివి ఏం సాధిస్తావని అడిగితే, బరంపురంలో పుట్టి డబ్లిన్‌లో లా చదివిన వి.వి. గిరి గారి పేరు చెప్పండి. రాష్ట్రపతిగా ఉండగానే తన ఎన్నిక కేసులో సుప్రీంకోర్టుకి వెళ్లి సాక్ష్యమిచ్చిన మనిషి.

నన్నడిగితే మీరు ముందు తేల్చుకోవాల్సింది సబ్జెక్టు కంటే భాష. ఒడిశా జ్యుడీషియల్ సర్వీసుకి ఒడియా మాట్లాడడం, చదవడం, రాయడం మూడూ రావాలి. మన పిల్లలు చాలామంది గలగలా మాట్లాడతారు గానీ చేతిరాత ఆర్డర్ ఇస్తే తడబడతారు. తహసీలు ఫైళ్లన్నీ ఒడియాలోనే ఉంటాయి. ఒడియా రాయడం అలవాటు చేసుకునే ఓపిక ఉంటే బరంపురంలో చేరండి. లేదంటే విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ లా కాలేజీకి వెళ్లి, ఆంధ్ర కోర్టుల వైపే సిద్ధమవడం మేలు. రెండు పడవల మీద కాళ్లు పెట్టినవాళ్లలో రెండు రాష్ట్రాల కోర్టుల్లోనూ నిలదొక్కుకోనివాళ్లే నాకు ఎక్కువ కనిపించారు. పర్లాకిమిడి కోర్టులో తెలుగు మాట్లాడే వకీళ్లు దొరుకుతారు. ఫీజు కట్టకముందే ఎవరినైనా అడిగి, కొన్నాళ్లు వాళ్ల ఆఫీసులో కూర్చుని పాత ఫైళ్లు తిరగేయండి.