చర్చిలో ఫ్లాష్ వద్దన్నారు, ఫొటోలు చీకటిగా వచ్చాయి: మా అబ్బాయికి ఈ పని అబ్బుతుందా?

ప్రశ్న: మా అబ్బాయి కర్నూలులో బీకాం రెండో సంవత్సరం. సెలవుల్లో ఒక స్టూడియో తరఫున పెళ్లిళ్లకు వెళ్తాడు. ఈమధ్య ఒక పాత చర్చిలో పెళ్లి జరుగుతుంటే పాస్టరు గారు ఫ్లాష్ ఆపమన్నారు, ముందుకు రావద్దన్నారు. ఫొటోలు సగం చీకటి, మిగతా వాటిలో అడ్డచారలు. పెళ్లివాళ్లు నానా మాటలు అన్నారు. వాడేమో డిగ్రీ మానేసి ఫొటోగ్రఫీ కోర్సులో చేరతానంటున్నాడు. చేర్పించమంటారా?

జవాబు: డిగ్రీ మాన్పించకండమ్మా. ఫొటోగ్రఫీ వద్దని కాదు. ఆ రోజు వాడికి తక్కువైంది పట్టా కాదు, ఆ గుడి (చర్చి) గురించి, ఆ ఆరాధన గురించి తెలియాల్సిన సంగతులు. అవి ఏడాదిలో, ఊళ్లో ఉండే నేర్చుకోవచ్చు.

ముందు ఆ చారల సంగతి. మీవాడు శబ్దం రాకుండా సైలెంట్ షట్టర్ పెట్టి ఉంటాడు. ఆలోచన మంచిదే. కానీ మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే సెకనుకు 50 ఆవృత్తాలు. ఒక్కో ఆవృత్తానికి రెండు మినుకులు, కాబట్టి మామూలు ఎల్ఈడీ బల్బు సెకనుకు 100 సార్లు మినుకుతుంది. కంటికి తెలియదు. సైలెంట్ షట్టర్‌లో సెన్సార్ పైనుంచి కిందికి వరుస వరుసగా చదువుతుంది కాబట్టి కొన్ని వరుసలకు వెలుగు, కొన్నింటికి చీకటి అందుతుంది. అవే చారలు. షట్టర్ సెకనులో 100వ వంతు గానీ 50వ వంతు గానీ పెడితే ప్రతి వరుసకూ పూర్తి మినుకు అందుతుంది, చార పోతుంది. 250వ వంతు పెడితే మళ్లీ వస్తుంది. జనరేటర్ మీద నడుస్తున్నప్పుడు ఫ్రీక్వెన్సీ కాస్త అటూ ఇటూ అవుతుంది, అప్పుడు లీలగా చారలు కనిపించవచ్చు. అలాంటప్పుడు మెకానికల్ షట్టర్‌కు మారి, పాట మొదలయ్యాకనే నొక్కాలి. గచ్చు గోడల గుడిలో క్లిక్ శబ్దం చివరి బెంచీదాకా మోగుతుంది. ప్రమాణాలు చెప్పేటప్పుడు ఆ శబ్దం ఎవరూ సహించరు, సహించనక్కర్లేదు కూడా.

చీకటికి కారణం వేరు. పాత చర్చిలు చాలావాటిలో బలిపీఠం తూర్పున, తలుపు పడమట. ఉదయం పదింటి పెళ్లిలో వధూవరుల వెనక కిటికీ మండిపోతుంటుంది, కెమెరా ఆ కిటికీని చూసి ముఖాలను నల్లగా చేస్తుంది. పెళ్లికూతురు లోపలికి వచ్చేటప్పుడు ఆమె వెనక తెరిచిన తలుపు వెలుగు, మళ్లీ అదే కథ. కాబట్టి ఎక్స్‌పోజర్ (ఫొటోకు ఎంత వెలుగు అందాలన్న లెక్క) ఆటోకు వదలకూడదు. మాన్యువల్‌లో పెట్టి, ముఖం చూసి కొలవాలి. లెన్సు బాగా తెరిచి ఎఫ్ 1.8 లేదా 2, షట్టర్ 100వ వంతు, తక్కువ వెలుగులో తీయడానికి పెంచే ఐఎస్ఓ 3200 దగ్గర మొదలుపెట్టి అవసరమైతే 6400 దాకా వెళ్లమనండి. కాస్త గ్రెయిన్ (ఇసుక చల్లినట్టు చుక్కలు) వచ్చినా ముఖం కనిపించాలి. రా ఫైల్‌లో (కెమెరా పట్టిన సమాచారమంతా ఉండే ఫైల్) తీయాలి: కిటికీ వెలుగు నీలం, బల్బు వెలుగు పసుపు కలిసి తెల్లచీర రంగు చెడగొడతాయి, తర్వాత సరిచేసుకోవాలంటే రా ఉండాలి.

ఇంకొకటి, ఎవరూ చెప్పనిది. ఎత్తైన పైకప్పు నుంచి పొడవాటి రాడ్లకు ఫ్యాన్లు వేలాడుతుంటాయి, లైట్లేమో ఇంకా పైన ఉంటాయి. రెక్కల నీడ వధూవరుల ముఖాల మీద తిరుగుతుంది. ఒక ఫొటోలో ముఖం కళకళ, తర్వాతి దాంట్లో నలుపు. ముందురోజే చూసి, సరిగ్గా వాళ్ల నెత్తిమీది ఫ్యాను ఒక్కటి ఆపమని సంఘపెద్దలను అడిగితే ఒప్పుకుంటారు. ఆరాధన మధ్యలో అడిగితే ఒప్పుకోరు.

అందుకే పెళ్లికి ఒకట్రెండు రోజుల ముందు, పెళ్లి గంటకే గుడికి వెళ్లాలి. పాస్టరు గారినో ఫాదర్ గారినో కలిసి నాలుగు మాటలు అడగాలి: ఎంతవరకు రావచ్చు, ఏ ఘట్టంలో తీయకూడదు, స్టాండు ఎక్కడ పెట్టవచ్చు, సంతకాల బల్ల ఎక్కడ. మన సీమలో ఒక్కో గుడిది ఒక్కో పద్ధతి. కడప, గుత్తి, జమ్మలమడుగు వైపు లండన్ మిషన్ నాటిన సంఘాలు 1947 తర్వాత సీఎస్ఐలో (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) ఉన్నాయి, కర్నూలు వైపు బాప్టిస్టులు ఎక్కువ, కడపలో క్యాథలిక్ బిషప్ పీఠం ఉంది. క్యాథలిక్ గుడిలో దివ్యబలిపూజ (మాస్) కూడా ఉంటే, సత్ప్రసాదం (కమ్యూనియన్) వేళ కెమెరా దించేయడమే మర్యాద. గోడలకు టేపు అంటించకూడదు, పీకేటప్పుడు పాత సున్నం పెచ్చులూడుతుంది. నేలలోని స్మారక ఫలకాల మీద స్టాండు పెట్టకూడదు.

నిలబడే చోటు పక్క నడవ, స్తంభం చాటు. దూరాన్ని దగ్గరగా చూపే 85 ఎంఎం లెన్సు ఉంటే అక్కడినుంచే ఉంగరం, మంగళసూత్రం రెండూ అందుతాయి, 35 ఎంఎం గుడి మొత్తానికి. మెత్తని రబ్బరు అడుగు చెప్పులు, ముదురు రంగు చొక్కా, బీప్ ఆఫ్, ఫోకస్ కోసం వెలిగే ఎర్రలైటు ఆఫ్, వెనక స్క్రీను ఆఫ్. మంటపంలోలాగా "అన్నా, తాళి మళ్లీ ఒకసారి, ఇటు చూడండి" అనే వీలు ఇక్కడ లేదు. ప్రమాణాలు అరనిమిషం, ఉంగరాలు అంతకంటే తక్కువ. క్రమం తెలియనివాడు ఆ క్షణానికి లెన్సు మారుస్తుంటాడు. మీ అబ్బాయిని వరసగా నాలుగు ఆదివారాలు కెమెరా లేకుండా ఆరాధనకు వెళ్లి చివరి బెంచీలో కూర్చోమనండి. వివాహ క్రమం ఉన్న ఆరాధన పుస్తకం అడిగి చదవమనండి. ఇది కోర్సులో దొరకదు.

ఇక బతుకుతెరువు. మూఢాల్లో, ఆషాఢంలో ముహూర్తాలు లేక స్టూడియోలు ఖాళీగా ఉంటాయి. చర్చి పెళ్లిళ్లకు ఆ పట్టింపు లేదు. వాళ్లు ఆపేది ఈస్టరుకు ముందు శ్రమకాలంలో, అప్పుడు హిందూ పెళ్లిళ్లకు మాఘ, ఫాల్గుణ ముహూర్తాలు ఉంటాయి. రెండూ తెలిసినవాడికి ఏడాదిలో ఖాళీ నెలలు తగ్గుతాయి. మన జిల్లాల్లో ఫ్లాష్ లేకుండా చర్చిలో తీయగలడని పేరు తెచ్చుకుంటే పాస్టర్లే చెప్పి పంపుతారు.

కోర్సు కావాలంటే హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో ఫొటోగ్రఫీలో బీఎఫ్ఏ (ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ) నాలుగేళ్లు, ప్రవేశ పరీక్ష ఉంటుంది. డిగ్రీ సగంలో ఉన్నవాడికి ఇప్పుడు అది అవసరం లేదని నా అభిప్రాయం. బీకాం లెక్కలే రేపు స్టూడియో నడపడానికి పనికొస్తాయి. కెమెరా వెంటనే కొనవద్దు. 85 లెన్సు అద్దెకు తెచ్చుకుని, రెండో ఫొటోగ్రాఫరుగా ఏడాది చేయనివ్వండి. ఆ తర్వాత చిన్న వ్యాపారాలకు ఇచ్చే ఉద్యం రిజిస్ట్రేషన్ ఉచితంగా చేయించి, బ్యాంకులో ముద్ర రుణం శిశు విభాగంలో 50,000 రూపాయల వరకు అడగవచ్చు.

ఈసారి చర్చి పెళ్లి ఒప్పుకునేటప్పుడు మాత్రం ఫ్లాష్ లేని నాలుగైదు ఫొటోలు ముందే పెళ్లివాళ్లకు చూపించమనండి. లోపల ఇలాగే వస్తాయి, గ్రూపు ఫొటోలు ఆశీర్వాదం అయ్యాక బయట చెట్టు నీడలో తీస్తాం అని చెప్పి, బుకింగ్ కాగితం మీద ఆ మాట రాయించుకుని అడ్వాన్సు తీసుకోమనండి.